ఏ కోర్టు గడప తొక్కాలి?

అమెరికాలో రాష్ట్ర కోర్టు శిక్ష వేస్తే, అక్కడి దారులన్నీ అయిపోయాక ఖైదీ ఫెడరల్ కోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేసుకోవచ్చు. ఏ కోర్టులో? ఒకటికి మించి ఫెడరల్ జిల్లాలున్న రాష్ట్రమైతే జైలున్న జిల్లాలోనైనా, శిక్ష పడిన జిల్లాలోనైనా సరే. ఇదేదో గుమాస్తాల గొడవ అనుకోకండి. జైలు ఎక్కడో ఉంటుంది. సాక్షులు, రికార్డులు ఉండేది విచారణ జరిగిన చోట.

జార్జియాలో అలాంటి జిల్లాలు మూడు. తెల్ల పోలీసును చంపాడని నల్లజాతి మనిషి వారెన్ మెక్‌క్లెస్కీకి అట్లాంటాలో మరణశిక్ష పడింది. ఆయన పిటిషన్ విన్నదీ అట్లాంటా ఉన్న ఉత్తర జిల్లా కోర్టే. చనిపోయింది నల్లవాళ్లయినప్పటి కంటే తెల్లవాళ్లయినప్పుడు మరణశిక్ష పడే అవకాశం 4.3 రెట్లు ఎక్కువని చెప్పిన బాల్డస్ అధ్యయనం అక్కడే రికార్డుకెక్కింది. 1987లో సుప్రీంకోర్టు ఏం చేసింది? లెక్కలు సరే, నీ కేసులో వివక్ష చూపించమంది. అయిదుగురు అటు, నలుగురు ఇటు. వివక్ష చేసేవాడు కాగితం మీద రాసిస్తాడా? 1991లో ఆయన్ని కరెంటు కుర్చీలో చంపేశారు. 1996 చట్టం ఈ పిటిషన్లకు ఏడాది గడువు కూడా పెట్టింది.

అదే 1991లో మన చుండూరు. అక్కడి దళితులు బాధితులు, మెక్‌క్లెస్కీ ముద్దాయి. ఆ తేడా నాకు తెలుసు. కానీ కోర్టు ఎక్కడ కూర్చోవాలన్నది కూడా న్యాయంలో భాగమేనని వాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేకపోయింది. కొట్లాడి ప్రత్యేక కోర్టును ఊళ్లోకే రప్పించుకున్నారు. 2007లో అది వేసిన శిక్షల్ని 2014లో హైదరాబాద్‌లో కూర్చున్న హైకోర్టు కొట్టేసింది.