యంత్రానికి దస్తావేజు లేఖరి

"రామయ్య కృష్ణయ్యకు వంద రూపాయలు ఇచ్చెను" అన్నా, "కృష్ణయ్యకు రామయ్య వంద రూపాయలు ఇచ్చెను" అన్నా తెలుగువానికి తోచే అర్థం ఒక్కటే. ఇచ్చినవాడెవడో, పుచ్చుకొన్నవాడెవడో పదాల వరుస తేల్చదు, విభక్తి తేలుస్తుంది. "కు" అన్న ఒక్క అక్షరం ఎవరి పేరు వెంట ఉన్నదో చూస్తే చాలును. ప్రామిసరీ నోటులో ఆ ఒక్క అక్షరం ఒక పేరును విడిచి మరొక పేరు ప్రక్కన చేరినదా, అప్పు ఇచ్చినవాడే బాకీదారు అవుతాడు.

కంప్యూటరులోని ప్రాసెసరుకు నేరుగా ఆదేశాలు వ్రాసే భాషలో ఇటువంటి విభక్తి లేదు. "దీనిని అందులో ఉంచు" అని చెప్పవలసి వచ్చినప్పుడు ఏది "దీనిని", ఏది "అందులో" అన్నది పదాల వరుసను బట్టియే నిర్ణయం కావాలి. ఆ వరుస ఏదో ముందుగా ఒడంబడిక జరగకపోతే, వ్రాసినవాడు ఒకటి అనుకొంటాడు, యంత్రం మరొకటి చేస్తుంది. ఈ ఒడంబడికకు కాపలాదారు అసెంబ్లరు అనే ప్రోగ్రాము.

అంకెల నుండి అక్షరాలకు

ప్రాసెసరుకు తెలిసినవి అంకెలు మాత్రమే. "అయిదు అనే సంఖ్యను ఏ అనే గదిలో ఉంచు" అనే మాట ఇంటెల్ సంస్థ 1976లో విడుదల చేసిన 8085 ప్రాసెసరుకు 3ఈ, 05 అనే రెండు బైట్లుగా అందాలి. (పదహారు అంకెల లెక్కలో తొమ్మిది తరువాత ఏ నుండి ఎఫ్ వరకు అక్షరాలే అంకెలుగా చెల్లుతాయి.) వందలాది ఆదేశాలను ఈ విధంగా అంకెలలో గుర్తుంచుకొని వ్రాయడం మనిషికి ప్రాణసంకటం. అందుచేత అతడు "ఎంవీఐ ఏ, 05హెచ్" అని ఒక సంకేత పదంతో వ్రాస్తాడు. దానిని అసెంబ్లరు 3ఈ, 05గా మార్చి యంత్రానికి అందిస్తుంది.

ఈ ఉపాయం కొత్తది కాదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఎడ్సాక్ అనే కంప్యూటరు 1949 మే 6న తొలిసారి పని చేసినప్పుడే, డేవిడ్ వీలర్ కూర్చిన 31 ఆదేశాల చిన్న ప్రోగ్రాము ఒకటి ఆ పని మొదలుపెట్టినది. కూడికకు "ఏ", తీసివేతకు "ఎస్" వంటి ఇంగ్లీషు అక్షరాలు కాగితపు పట్టీపై పొడిస్తే, వాటిని అది యంత్రానికి తగిన రూపంలోకి మార్చేది. "జడ్" అన్న అక్షరం వస్తే యంత్రం ఆగి, హెచ్చరిక గంట మ్రోగేది.

రిజిస్ట్రారు కార్యాలయం ముందు కూర్చుండే దస్తావేజు లేఖరికీ, అసెంబ్లరుకూ పోలిక ఉన్నది. కక్షిదారు చెప్పినదానిని లేఖరి చెల్లుబాటయ్యే రూపంలో వ్రాసి ఇస్తాడు. పొలం అమ్మడం మంచిదా, చెడ్డదా అని అతడు విచారించడు. పద్ధతి తప్పితే చెబుతాడు గాని, ఉద్దేశం తప్పితే అతనికి తెలియదు. అసెంబ్లరు గుణమూ అదే, దోషమూ అదే.

ఒకే పని, రెండు మాటలు

అసెంబ్లరు భాష ప్రాసెసరుతోపాటు పుట్టిన భాష అని చాలామంది అనుకొంటారు. అది పొరపాటు. ప్రాసెసరుతో పుట్టేవి అంకెలు మాత్రమే. సంకేత పదాలు మనుషులు పెట్టుకొన్నవి. ఇంటెల్‌ను వీడి వచ్చిన ఫెడెరికో ఫాగ్గిన్ ప్రభృతులు స్థాపించిన జైలాగ్ సంస్థ 1976లోనే జడ్80 అనే ప్రాసెసరును తెచ్చినది. ఇంటెల్ 8080కి వ్రాసిన అంకెలను అది యథాతథంగా స్వీకరించేది. కాని సంకేత పదాలు వేరు. ఇంటెల్ వారి "ఎంవీఐ ఏ, 05హెచ్" జైలాగ్ వారికి "ఎల్‌డీ ఏ, 05హెచ్" అయినది. యంత్రానికి చేరేవి మాత్రం అవే రెండు బైట్లు, 3ఈ, 05.

ఇక్కడ మారినది పదమే గాని వరుస కాదు. రెండింటిలోను పుచ్చుకొనే గది పేరు ముందు, ఇచ్చేది తరువాత. అసలు చిక్కు వరుస తారుమారైన చోట వచ్చినది.

ఇంటెల్ 1978లో 8086ను, 1985లో 32 బిట్ల 80386ను విడుదల చేసినది. ఈనాటి వ్యక్తిగత కంప్యూటర్లలో అనేకం నేటికీ ఆ వంశానికి చెందినవే. ఇంటెల్ పుస్తకాలలో "మూవ్ ఈఏఎక్స్, 5" అని ఉంటుంది. ఈఏఎక్స్ అనేది ప్రాసెసరులోని ఒక గది, అనగా రిజిస్టరు. అందులో 5ను ఉంచుమని అర్థం. కాని అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో యూనిక్స్ వ్యవస్థ 1970 దశకంలో పెరిగినది పీడీపీ-11 అనే యంత్రం మీద. ఆ యంత్రపు భాషలో ఇచ్చేది ముందు, పుచ్చుకొనేది తరువాత. యూనిక్స్ ఇంటెల్ ప్రాసెసర్ల మీదకు కాపురం మార్చినప్పుడు పుట్టింటి అలవాటును వెంట తెచ్చుకొన్నది. అందుచేత ఏటీ అండ్ టీ శైలి అనబడే ఆ పద్ధతిలో అదే ఆదేశం "మూవ్‌ఎల్ $5, %ఈఏఎక్స్" అవుతుంది.

ఈ రెండు వాక్యాలకూ లభించే అంకెలు ఒక్కటే: బీ8, 05, 00, 00, 00. యంత్రానికి భేదం లేదు. భేదమంతా చదివేవాని కంటికి.

రెండవ శైలిలో రిజిస్టరు పేరుకు ముందు శాతం గుర్తు, నేరుగా ఇచ్చే సంఖ్యకు ముందు డాలరు గుర్తు ఉండాలి. మూవ్ తరువాత చేర్చిన ఎల్ అనే అక్షరం ఆ సంఖ్య 32 బిట్లదని చెబుతుంది. బీ అయితే 8, డబ్ల్యూ అయితే 16, క్యూ అయితే 64. ఇవి కొంతవరకు విభక్తుల వంటివే. కాని వస్తువు ఎటువంటిదో చెబుతాయి గాని, ఎవరు ఎవరికి ఇచ్చారో చెప్పవు.

డాలరు గుర్తు మరచిపోయి "మూవ్‌ఎల్ 5, %ఈఏఎక్స్" అని వ్రాస్తే అసెంబ్లరు ఆక్షేపించదు. ఎందుకంటే అదీ శుద్ధమైన ఆదేశమే. కాకపోతే అర్థం వేరు: మెమరీలో 5వ చిరునామా నుండి ఉన్నదానిని తెచ్చి ఈఏఎక్స్‌లో ఉంచుమని. అయిదు రూపాయలు తెమ్మనడానికీ, అయిదవ నెంబరు ఇంటిలో ఉన్నది తెమ్మనడానికీ ఎంత తేడా ఉన్నదో ఇక్కడా అంత తేడా. 5వ చిరునామా వంటిదైతే లైనక్స్ వంటి వ్యవస్థలు ఆ ప్రోగ్రామును అక్కడికక్కడే ఆపివేస్తాయి. అది అదృష్టం. ఆ సంఖ్య పొరపాటున మెమరీలో చెల్లుబాటయ్యే చిరునామా అయితే ఏ గంటా మ్రోగదు. తప్పు లెక్క ఒప్పు లెక్కవలె నడిచిపోతుంది.

పోల్చి చూచే ఆదేశంలో చిక్కు ఇంకా సూక్ష్మం. ఈఏఎక్స్‌లో చెల్లించవలసిన సొమ్ము, ఈబీఎక్స్‌లో ఖాతాలోని నిల్వ ఉన్నవనుకొందాం. ఏటీ అండ్ టీ శైలిలో "సీఎంపీ %ఈఏఎక్స్, %ఈబీఎక్స్" అని వ్రాసి, ఆ వెంటనే "పెద్దదైతే ఫలానా చోటికి పో" అని చెప్పే "జేజీ" వ్రాస్తే, పెద్దది కావలసినది రెండవది, అనగా నిల్వ. ఎడమ నుండి కుడికి చదివే కన్నుకు మాత్రం చెల్లింపే పెద్దది కావాలన్నట్లు తోస్తుంది. ఒక శైలిలోని వరుసను మార్చకుండా మరొక శైలిలోకి ఎక్కిస్తే, సొమ్ము ఉన్నవానికి కాదని, లేనివానికి అవునని సమాధానం వస్తుంది.

మన ఇంజనీరింగు కళాశాలల ప్రయోగశాలలలో ఎన్నో తరాల విద్యార్థులు 8085 శిక్షణ పెట్టె మీద మీటలు నొక్కి "మూవ్ ఏ, బీ" నేర్చుకొన్నారు. బీలోనిది ఏలోకి వస్తుందని వారి వేళ్లకు అలవాటు. అట్టివారు లైనక్స్‌లో జీసీసీ కంపైలరు ఇచ్చే అసెంబ్లీ ప్రతిని తొలిసారి తెరచినప్పుడు అంతా తలక్రిందులుగా కనిపిస్తుంది. తప్పు వారి చదువులో లేదు, కంపైలరులోను లేదు. అది వేరొక ఒడంబడిక, అంతే.

తప్పే సంప్రదాయమైన వేళ

రెండు ఒడంబడికలు ఉండడం ఒక ఎత్తు. ఒక ఒడంబడికలోనే తప్పు దొర్లి, అదే ఆచారంగా స్థిరపడడం మరొక ఎత్తు. అదీ జరిగినది.

ఇంటెల్ వంశంలో దశాంశ గణితానికి ఎస్‌టీ అనే పేరుతో ఎనిమిది రిజిస్టర్లు ఒకదానిపై ఒకటి పేర్చినట్లుంటాయి. పైదానిలో 10, మూడవ నంబరుదానిలో 30 ఉన్నవనుకొందాం. "ఎఫ్‌సబ్ %ఎస్‌టీ, %ఎస్‌టీ(3)" అని వ్రాస్తే, మూడవదానిలో నుండి పైదానిని తీసివేసి, 20ను మూడవదానిలో ఉంచాలి. పాత యూనిక్స్ అసెంబ్లరు ఇచ్చిన అంకెలు చేసిన పని వేరు: పైదానిలో నుండి మూడవదానిని తీసివేసి, మైనస్ 20ను ఉంచినది. రావలసిన ఇరవై, ఇవ్వవలసిన ఇరవై అయినది.

దీనిని దిద్దవచ్చును గదా అని ఎవరికైనా తోస్తుంది. కాని అప్పటికే జీసీసీ కంపైలరు, మరెన్నో ప్రోగ్రాములు ఈ తారుమారుకు అలవాటుపడి, ఎక్కడ ఎఫ్‌సబ్ కావాలో అక్కడ దాని ఎదురు పదమైన ఎఫ్‌సబ్‌ఆర్‌ను వ్రాస్తూ వచ్చాయి. ఇప్పుడు అసెంబ్లరును దిద్దితే, సరిగా నడుస్తున్న ఆ ప్రోగ్రాములన్నీ తప్పు లెక్క చేస్తాయి. అందుచేత నేడు విస్తారంగా వాడుకలో ఉన్న గ్నూ అసెంబ్లరు సైతం ఆ తప్పును తెలిసి తెలిసి అట్లే ఉంచినది. దాని మార్గదర్శిలో ఇది తప్పేనన్న ఒప్పుకోలు కూడా అచ్చయి ఉన్నది. ఇంటెల్ నిర్వచనం కావలసినవారికి "-ఎంనెమోనిక్=ఇంటెల్" అనే ఐచ్ఛికం వేరుగా కల్పించారు. ఇక్కడ అసెంబ్లరు ఐచ్ఛికాలంటే అలంకారాలు కావని స్పష్టమవుతుంది. పాత దస్తావేజును ఏ ఆచారం ప్రకారం చదవాలో చెప్పే మాటలు అవి.

సంతకానికి ముందు

ఇటువంటి ఐచ్ఛికాలలో ముఖ్యమైనవి మరికొన్ని ఉన్నాయి. "-ఎంసింటాక్స్=ఇంటెల్" అంటే పదాల వరుస ఇంటెల్ పద్ధతిలో ఉన్నదని అసెంబ్లరుకు చెప్పడం. అదే మాటను ప్రోగ్రాము లోపలనే నిర్దేశంగా వ్రాయవచ్చును. బయట చెప్పినదానికీ, లోపల వ్రాసినదానికీ భేదం వస్తే లోపల వ్రాసినదే చెల్లుతుంది. నోటిమాట కన్న పత్రానిదే పైచేయి అనే లోకన్యాయం ఇక్కడా నిలిచినది.

"-మార్చ్" అనే ఐచ్ఛికం ఏ ప్రాసెసరు కొరకు వ్రాస్తున్నదీ తెలుపుతుంది. దానిని 80386 అని చెబితే, ఆ ప్రాసెసరుకు తెలియని తరువాతి కాలపు ఆదేశం కనిపించగానే అసెంబ్లరు తిరస్కరిస్తుంది. ఈ మాట చెప్పకపోతే ప్రోగ్రాము వ్రాసినవాని కొత్త యంత్రంలో చక్కగా నడిచి, కొనుక్కొన్నవాని పాత యంత్రంలో నడిమధ్యన ఆగిపోవచ్చును. బల్ల మీద తప్పు పట్టుబడడం మేలా, పొలం గట్టు మీద తగవు పడడం మేలా అన్నదే ప్రశ్న.

"--32", "--64" అనేవి ప్రాసెసరు ఏ స్థితిలో ఉండగా ఈ ఆదేశాలు నడుస్తాయో చెబుతాయి. 32 బిట్ల స్థితిలో 40 అనే బైటు ఈఏఎక్స్‌కు ఒకటి కలుపుమనే సంపూర్ణమైన ఆదేశం. ఏఎండీ సంస్థ 2003లో ఈ వంశానికి 64 బిట్ల ప్రాసెసర్లు తెచ్చినప్పుడు ఆ బైటును తరువాతి ఆదేశానికి ముందు తగిలించే ఉపసర్గగా మార్చివేసినది. అందుచేత అదే పనికి 64 బిట్ల స్థితిలో ఎఫ్‌ఎఫ్, సీ0 అనే రెండు బైట్లు కావాలి. అక్షరం ఒకటే, ఏ కాలపు పత్రంలో ఉన్నదన్నదానిని బట్టి దాని విలువ మారిపోయినది.

ఇన్ని జాగ్రత్తలు గుర్తుంచుకొనడం అందరికీ సాధ్యం కాకపోవచ్చును. అందరికీ సాధ్యమైన జాగ్రత్త ఒకటి ఉన్నది. "-ఏఎల్" అనే ఐచ్ఛికం ఇస్తే గ్నూ అసెంబ్లరు ఒక జాబితా అచ్చువేసి ఇస్తుంది. ప్రతి పంక్తిలోను వ్రాసిన ఆదేశం ఒక ప్రక్క, దానికి బదులుగా యంత్రానికి పోయే అంకెలు మరొక ప్రక్క ఉంటాయి. డాలరు గుర్తు జారిపోయిన చోట బీ8 ఉండవలసిన స్థానంలో మరేదో కనబడుతుంది. ఆ వేళ అనుమానం పుట్టవలసినది అసెంబ్లరుకు కాదు, వ్రాసినవానికి.

లేఖరి దస్తావేజును ముగించి, కక్షిదారుకు చదివి వినిపించిన తరువాతనే వ్రేలిముద్ర వేయించుకోవడం మన రివాజు. అక్షరం రానివాడు సైతం "మళ్లీ చదవండి" అని అడుగుతాడు. ఎందుకంటే పోయేది అతని పొలం. అసెంబ్లరు తనంతట తాను చదివి వినిపించదు. అడిగితే మాత్రం తప్పక వినిపిస్తుంది.