‘నాదేముందండీ’

ట్రైనింగ్ ముగించుకుని మా చెల్లి ఎస్సైగా ఇంటికొచ్చిన రోజు ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. మధ్యలో యూనిఫాంలో అది, చుట్టూ చేతులు జోడించిన పెద్దమనుషులు. దాని పుస్తకాలకు రూపాయి ఇచ్చినవాళ్లు వాళ్లలో లేరు, సరే. అది తెల్లారగట్ల చెరువుకట్ట మీద పరుగు తీస్తుంటే టార్చిలైటు పట్టుకుని వెనకాల సైకిలు తొక్కింది నేను. దాని భుజం మీద రెండు నక్షత్రాలు చూసి నా కడుపు నిండిపోయింది. ఇల్లిల్లూ తిరిగి లడ్లు పంచాను.

ఆ సాయంత్రమే ఒక అధికారి వచ్చి, “ఇక్కడ పొదుపు సంఘం లీడరెవరమ్మా?” అని అడిగారు. పదకొండేళ్లుగా తీర్మానాల పుస్తకం నా దగ్గరే ఉంది. అయినా నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: “నాదేముందండీ, సంతకాలు పెడుతుంటాను. మా చెల్లి ఎస్సై అయిందండీ!”

గుమ్మంలో నిలబడి చెల్లి విన్నది. రాత్రి అన్నాలు తిన్నాక అడిగింది. “అక్కా, నా చేతిలో లాఠీ ఉంది కాబట్టి నా మాట వింటారు. నీ చేతిలో ఏముందని పన్నెండుమంది పదకొండేళ్లు విన్నారు?”

జవాబు చెప్పలేక గిన్నెలు కడగడానికి లేచాను.

అక్కల్లారా, వదినల్లారా, ఆ ‘నాదేముంది’ని మనం అణకువ అనుకుంటున్నాం. అందులో సగం తప్పించుకోవడమే. లీడర్ని కానన్నాక అడిగేవాళ్లుండరు. మా ఊళ్లోనే చూడండి, బడి వెనక మందు అమ్మే బెల్టు షాపు ఉంది. పిల్లలు ఖాళీ సీసాలు ఏరి అమ్ముకుంటారు. కిస్తీకి దాచిన డబ్బు ఎక్కడ ఖర్చవుతోందో సంఘంలో అందరికీ తెలుసు. ఇన్నాళ్లూ ‘సర్పంచి చూసుకోవాలి’ అన్నాం. ఇప్పుడు ‘మీ చెల్లికి చెప్పు’ అంటున్నారు. దాని స్టేషన్ ఇక్కడ కాదని చెప్పినా వినరు. సొంత మనిషి గెలుపును ఇలా కూడా వాడుకుంటామన్నమాట, మన పని దాని నెత్తిన పెట్టడానికి.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ల ఇళ్లల్లో ఎస్సైలెవరూ లేరు. వాళ్లు రాత్రిబడిలో అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుకుంటున్నారు. సారా గురించిన పాఠం తమ ఇంటి గొడవలాగే ఉందని మాట్లాడుకున్నారు, కలిసి వెళ్లి దుకాణం మూయించారు. ముందు నడిచిన వర్ధినేని రోశమ్మకు ఏ పదవీ లేదు. ఆ కదలిక జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత వచ్చిన సంపూర్ణ మద్య నిషేధం నిలవలేదు, మందు వేరే సీసాల్లో తిరిగొచ్చింది. ఆ కథ వేరే. ముందు మనకో లీడర్ కావాలి కదా అంటూ ఆ రోజు దూబగుంటలో ఎవరూ కూర్చోలేదన్నదే నాకు ముఖ్యం.

ఈరోజు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పంచాయతీ పదవుల్లో సగం చట్టప్రకారం ఆడవాళ్లవి. చాలా చోట్ల ఆ కుర్చీలో భర్త కూర్చుంటున్నాడు. అతని పెత్తనాన్ని తిట్టాల్సిందే, తిడుతూనే ఉన్నాం. కానీ ‘మీరే మాట్లాడండి’ అని కొన్నిసార్లు ఆ కుర్చీ జరిపి ఇచ్చింది మన చేతులే కాదా? తమ్ముడి ఉద్యోగం, చెల్లి ర్యాంకు, ఏదైనా సరే, పండగ చేసుకుందాం. దిష్టి కూడా తీద్దాం. వాళ్ల ఫొటో వెనక మాత్రం దాక్కోవద్దు.

మొన్న సంఘం మీటింగులో కిస్తీల లెక్క కంటే ముందు బెల్టు షాపు సంగతి రాశాను. అధ్యక్షురాలు అన్నచోట, ఎప్పటిలా మూలకు కాకుండా, పూర్తి పేరుతో సంతకం చేశాను. పుస్తకం ఒక్కొక్కరి ఒళ్లోకీ వెళ్లింది. పదకొండుమంది పెట్టారు. పన్నెండో మనిషి ఆ షాపు నడిపేవాడి భార్య. పెన్ను చేతిలో పట్టుకుని చాలాసేపు కాగితం కేసి చూసింది.

“రేపు ఇస్తానక్కా” అని పుస్తకం ఇంటికి పట్టుకెళ్లింది. ఇంకా ఆమె దగ్గరే ఉంది.