లాంగ్ ఎక్స్‌పోజర్‌లో తెల్ల చారలా? ల్యాబ్‌ని తిట్టే ముందు కెమెరా చూడండి

భీమిలి బీచ్‌లో ఎండెక్కాక తీసిన 12 ఫ్రేముల్లో 5 పాడయ్యాయి. అన్నిట్లోనూ ఒకే అంచు నుంచి లోపలికి ఒక తెల్ల చార. డెవలప్ చేసేటప్పుడు చెడగొట్టారని ల్యాబ్ వాళ్లతో గొడవ కూడా పెట్టుకున్నా. తప్పు వాళ్లది కాదు, నాదే.

నాది ఫిల్మ్ బ్యాక్ విడిగా ఊడొచ్చే పాత 6×6 కెమెరా. బ్యాక్‌లో ఫిల్మ్ ముందు డార్క్ స్లైడ్ అనే పల్చటి రేకు ఉంటుంది. ఫొటో తీయాలంటే దాన్ని బయటికి లాగాలి. అప్పుడు మిగిలే సన్నటి సందుని లోపలి సీల్ మూసేయాలి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ సీల్ అరిగిపోతుంది.

మరి మామూలు ఫొటోల్లో చార ఎందుకు రాలేదు? అసలు మెలిక ఇక్కడే ఉంది. ఆ 5 ఫ్రేములకి నేను 10 స్టాప్ ఎన్‌డీ ఫిల్టర్ వాడా. అది లెన్స్‌లోంచి వచ్చే వెలుతురుని దాదాపు 1000 రెట్లు తగ్గిస్తుంది. 1/8 సెకనులో అయిపోయే ఎక్స్‌పోజర్ 2 నిమిషాలు దాటుతుంది. కానీ సందులోంచి దూరే వెలుతురుకి ఏ ఫిల్టరూ లేదు కదా! అంతసేపూ అది ఒకే ఫ్రేము మీద పడుతూనే ఉంటుంది. ఫోన్ నైట్ మోడ్ అయితే చాలా షాట్లు తీసి కలుపుకుంటుంది. ఫిల్మ్‌కి ఆ వీలు లేదు, పడింది పడినట్టే.

"చారలుంటేనే ఫిల్మ్ ఫీల్" అనే మాట నాకు నచ్చదు. కావాలని తెచ్చుకుంటే అది స్టైల్. తెలియకుండా వస్తే రిపేర్ పని.

నేనిప్పుడు చేసేది ఇంతే. సందు వైపు ఎండ తగలకుండా కెమెరా పెడతా. ఎక్స్‌పోజర్ అయ్యేదాకా బ్యాక్ మీద మందపాటి నల్ల గుడ్డ కప్పుతా, పైనున్న వ్యూఫైండర్ హుడ్ మూసేస్తా. షాట్‌కీ షాట్‌కీ మధ్య స్లైడ్ మళ్లీ పెడతా, అదీ ఓ మూల ముందు దూర్చకుండా నిటారుగా. చార ఫ్రేము దాటి ఫిల్మ్ అంచులదాకా పాకితే మాత్రం అనుమానం వేరు: రోల్ వదులుగా చుట్టుకుని ఉండొచ్చు. అందుకే ఫిల్మ్ లోడ్ చేసినా, తీసినా నీడలోనే.

సీల్ మార్చకుండా, కేవలం గుడ్డతో అదే బీచ్‌లో ఇంకో రోల్ తీశా. 12కి 12 శుభ్రంగా వచ్చాయి. ల్యాబ్‌కి వెళ్లి సారీ చెప్పొచ్చా.

సెకండ్ హ్యాండ్ కెమెరా కొనేటప్పుడు లెన్స్‌లో ఫంగస్ ఉందా అని అందరం అడుగుతాం. సీల్ ఎప్పుడు మార్చారని ఎవరం అడగం. నా మాట వింటే, ఎన్‌డీ ఫిల్టర్ కంటే ముందు సీల్‌కి ఖర్చు పెట్టండి.