జరిగే కిటికీ

పిల్లలూ! కొండపల్లి బొమ్మ ఒక్క పూటలో తయారయ్యేది కాదు. తెల్ల పొణికి కర్రను ఆరబెట్టాలి. తల, చేతులు వేరువేరుగా చెక్కాలి. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించాలి. ఆ తరవాతనే రంగులు. అందుచేత ఒకనాడు ఎక్కువ బొమ్మలు పూర్తి అవుతాయి, ఒకనాడు తక్కువ.

ఒక ఇంట్లో అయిదు రోజులలో పూర్తి అయిన బొమ్మలు వరసగా 3, 7, 8, 12, 4 అనుకుందాం. అయిదవనాటి సాయంకాలం ఒక వర్తకుడు వచ్చి, సంక్రాంతి బొమ్మల కొలువుకు రోజుకు 7 చొప్పున కావాలన్నాడు. నిన్న 12, ఇవాళ 4! బేరం వదులుకోవాలా?

అన్నీ కూడి అయిదుతో భాగిస్తే సగటు 6.8. ఇది తప్పు కాదు. కాని పని పెరుగుతున్నదో, తగ్గుతున్నదో ఇది చెప్పదు.

ఒక అట్టముక్కకు మూడు అంకెలు మాత్రమే కనబడేటట్టు కిటికీ కోయండి. దాన్ని అంకెల మీద ఒక్కొక్క గడి జరుపుతూ, కనబడినవాటికి సగటు కట్టండి. 3, 7, 8 కి సగటు 6. తరవాత 7, 8, 12 కి 9. తరవాత 8, 12, 4 కి 8. పని పడిపోలేదు, బేరం ఒప్పుకోవచ్చు!

కంప్యూటరులో దాచిన పట్టికలను ప్రశ్నలు అడగడానికి ఎస్.క్యూ.ఎల్. అనే భాష వున్నది. దాని తొలి రూపాన్ని ఐ.బి.ఎం. సంస్థకు చెందిన ఛాంబర్లిన్, బాయిస్ అనేవారు 1974లో ప్రకటించారు. 2003 నాటి ప్రమాణంలో ఈ కిటికీ కూడా ఆ భాషలో వున్నది. సగటుకు ‘ఏవీజీ’ అనీ, కిటికీకి ‘ఓవర్’ అనీ రాస్తారు. పట్టికలో ఏ వరసా చెరిగిపోదు. ప్రతి రోజు అంకె పక్కనే దాని సగటు వచ్చి కూర్చుంటుంది.

అయితే కంప్యూటరుకు మూడు సంగతులు చెప్పాలి. తేదీల క్రమం ‘ఆర్డర్ బై’ అని చెప్పాలి; లేకుంటే ఏది ముందో, ఏది వెనకో దానికి తెలియదు. ఏ ఇంటి లెక్క ఆ ఇంటిదేనని ‘పార్టిషన్ బై’ అని చెప్పాలి. లేకుంటే పొరుగింటి బొమ్మలు మన సగటులో కలుస్తాయి. ఎన్ని వరసలు వెనక్కి చూడాలో కూడా చెప్పాలి. అది లెక్కపెట్టేది వరసలనే గాని, రోజులను కాదు!

ఇప్పుడు మీరు చేయండి: ఆరవనాడు వానకు పని ఆగిపోయింది. ఏడవనాడు 8 బొమ్మలు. ఆనాటి మూడు రోజుల సగటు ఎంత? వాననాటి వరస రాయడం మరిచిపోతే ఎంత వస్తుంది?

(జవాబు: 0 రాస్తే 4, మరిచిపోతే 8. పనిలేని రోజును కూడా పట్టికలో రాయాలి మరి!)