రేడియో పెట్టారా... ఫీజు కట్టండి!

స్కాట్లండ్‌లో క్లాక్‌మానన్ అని ఓ చిన్న ఊరు. అక్కడో కిరాణా కొట్టు. అందులో అరలు సర్దే యాభయ్యారేళ్ల ఆవిడకు రేడియో వింటూ పని చేసుకోవడం అలవాటు. 2009లో ఆ కొట్టుకు ఓ కబురొచ్చింది. పంపింది ‘పీఆర్‌ఎస్ ఫర్ మ్యూజిక్’... పాటలు రాసేవాళ్ల, బాణీలు కట్టేవాళ్ల తరఫున డబ్బు వసూలు చేసే సంఘం. కొట్టులో రేడియో మోగాలంటే లైసెన్సు తీసుకోవాలి, ఏటా ఫీజు కట్టాలి అన్నది దాని సారాంశం. ఎందుకొచ్చిన గొడవని కొట్టువాళ్లు రేడియో కట్టేశారు. ఆవిడకేమో ఏమీ తోచలేదు. సరుకులు సర్దుకుంటూ తనే పాడుకోవడం మొదలుపెట్టింది. అంతే, మళ్లీ హెచ్చరిక! నలుగురికీ వినపడేలా పాడినా అది ప్రదర్శన కిందికే వస్తుంది, లైసెన్సు లేకపోతే వేల పౌండ్ల జరిమానా పడొచ్చని.

సంగతి పత్రికలకెక్కింది. జనం నవ్విపోశారు. సంఘం నాలుక్కరుచుకుని ఆవిడకు క్షమాపణ చెబుతూ పూలగుత్తి పంపింది. మీ గొంతు బాగుంటుందట కదా అని ఓ మెచ్చుకోలు కూడా జతచేసింది. కానీ ఒక్కటి గమనించాలి. క్షమాపణ పాడుకున్నందుకు చేసిన హెచ్చరిక గురించే. రేడియోకి ఫీజు కట్టాలన్న మాటను సంఘం వెనక్కి తీసుకోలేదు.

అంతకు రెండేళ్ల ముందు, 2007లో, ఇదే సంఘం ‘క్విక్‌ఫిట్’ అనే కార్ల రిపేరు కంపెనీని ఎడిన్‌బరోలో కోర్టుకీడ్చింది. ఆ కంపెనీ షెడ్లలో మెకానిక్కులు ఎవరి రేడియో వాళ్లు తెచ్చుకుని పెట్టుకుంటున్నారట. ఆ పాటలు తోటి పనివాళ్లకీ, బండి బాగు చేయించుకోవడానికి వచ్చినవాళ్లకీ వినపడుతున్నాయట. అందుకు అడిగిన నష్టపరిహారం రెండు లక్షల పౌండ్లు. అప్పటి లెక్కలో కోటిన్నర రూపాయల పైమాటే! సొంత రేడియోలు తేవద్దని పదేళ్లుగా చెబుతూనే ఉన్నామని కంపెనీ మొత్తుకుంది. కేసును మొదట్లోనే కొట్టేయమంది. న్యాయమూర్తి ఒప్పుకోలేదు.

చదివినవాళ్లకు ఎవరికైనా వచ్చే అనుమానం ఒకటే. ఆ పాటకు రేడియో స్టేషన్ ముందే డబ్బు కట్టింది కదా, మళ్లీ విన్నవాడి దగ్గర వసూలేమిటి? ఒక్క టికెట్టు మీద రెండుసార్లు చిల్లు పెట్టడం కాదా?

దీనికి జవాబు కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1847లో ప్యారిస్‌లోని ఓ పేరున్న కెఫేలో ఎర్నెస్ట్ బూర్జే అనే పాటల రచయిత, స్నేహితులతో కలిసి కూర్చున్నాడు. అక్కడి వాద్యబృందం ఆయన పాటే వాయిస్తోంది. బిల్లు రాగానే కట్టనన్నాడు. ‘నా పాట మీరు ఊరికే వాడుకుంటుంటే నేను మీ పానీయానికి డబ్బెందుకివ్వాలి’ అన్నది ఆయన వాదన. వ్యవహారం కోర్టుకెళ్లింది. రచయితే గెలిచాడు. ఆ గెలుపు పుణ్యమా అని 1851లో ఫ్రాన్స్‌లో పాటల హక్కుల సంఘం పుట్టింది. బ్రిటన్‌లో పీఆర్‌ఎస్ 1914లో వచ్చింది. మన దగ్గర ఐపీఆర్‌ఎస్ 1969లో మొదలైంది. కెఫేలో పాట ఉంటే నలుగురు ఎక్కువసేపు కూర్చుంటారు, ఇంకో కప్పు తాగుతారు. అందులో పాట కట్టినవాడికి వాటా ఇవ్వమనడం న్యాయమే. ఇక్కడిదాకా పేచీ లేదు.

పేచీ అంతా ఆ కెఫే న్యాయాన్ని పనివాడి రేడియో దాకా లాగడంతోనే వచ్చింది. అది జరిగింది రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో. బ్రిటన్ ఫ్యాక్టరీల్లో రాత్రింబవళ్లు ఉత్పత్తి. విసుగు పోగొడితే పని పెరుగుతుందని బీబీసీ 1940 జూన్‌లో ‘మ్యూజిక్ వైల్ యు వర్క్’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. రోజుకు రెండుసార్లు, లౌడ్‌స్పీకర్లలో, ఆగకుండా హుషారు పాటలు. మరీ మందకొడివి పనికిరావు, నిద్రొస్తుంది. మరీ హుషారువీ ప్రమాదమే. మధ్యలో చప్పట్లు కొట్టే ఓ అమెరికన్ పాటనైతే పక్కన పెట్టేశారు. చప్పట్లకు బదులు పనివాళ్లు చేతిలోని పానాలతో మిషన్లను బాదేస్తున్నారని!

ఈ పాటలకు ఫ్యాక్టరీలు కూడా ఫీజు కట్టాలని పీఆర్‌ఎస్ కేసు వేసింది. పనివాళ్లు బయటివాళ్లు కాదు, వినడానికి టికెట్టు లేదు, యుద్ధం కోసం చేస్తున్నాం అని ఎర్నెస్ట్ టర్నర్ అనే కంపెనీ వాదించింది. 1943లో అప్పీలు కోర్టు సంఘం వైపే తీర్పిచ్చింది. ఫ్యాక్టరీ ఇల్లు కాదు, అక్కడున్నవాళ్లు కుటుంబం కాదు, పాట వల్ల ఉత్పత్తి పెరుగుతోందని మీరే అంటున్నారు, మరి పాట చేసిన పనికి కూలి ఇవ్వాలి కదా అన్నది దాని సారం. వందలమంది పనిచేసే ఫ్యాక్టరీకి ఆ మాట బాగానే అతికింది. ఇద్దరు మెకానిక్కులున్న షెడ్డుకీ అదే కొలత వాడటంతోనే తంటా. అక్కడ రేడియో పెట్టేది యజమాని కాదు, లాభం పెరుగుతుందనీ కాదు. చేతులకు గ్రీజు, చెవులకు పాట... పనివాడికి ఉన్న కాలక్షేపం అదొక్కటే.

అట్లాంటిక్ అవతల కథ వేరుగా నడిచింది. పిట్స్‌బర్గ్‌లో జార్జ్ ఐకెన్ అనే ఆయన చిన్న చికెన్ హోటల్ నడిపేవాడు. మొత్తం కలిపి 1,055 చదరపు అడుగులు. ఓ రేడియో, సీలింగులో నాలుగు స్పీకర్లు. ఆ రేడియోలో వచ్చిన రెండు పాటల మీద కేసు వేస్తే అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తినడానికి కూర్చున్నవాళ్లు పది పదిహేను నిమిషాలకు మించి ఉండని చోట, రేడియో ఆన్ చేయడం పాటను ‘ప్రదర్శించడం’ ఎలా అవుతుందని 1975లో 7-2 మెజారిటీతో కోర్టు ఐకెన్‌ను గెలిపించింది. మరుసటి ఏడాది చట్టంలోనే చిన్న దుకాణాలకు మినహాయింపు వచ్చింది. 1998లో దానికి కొలతలు కూడా పెట్టారు. దుకాణమైతే 2,000, హోటలైతే 3,750 చదరపు అడుగుల లోపు ఉంటే రేడియో, టీవీ పాటలకు ఫీజు లేదు. అంతకంటే పెద్దదైనా స్పీకర్లు ఆరుకు మించకూడదు, ఒక్కో గదిలో నాలుగే ఉండాలి వంటి షరతులతో గట్టెక్కొచ్చు. అక్కడ ఇడ్లీ, దోసెల హోటల్ పెట్టుకున్న తెలుగువాళ్లకు పనికొచ్చే మాట ఒకటుంది. ఈ సడలింపు రేడియో, టీవీ ప్రసారాలకే. ఫోన్లో దాచుకున్న పాటలు స్పీకర్లకు కలిపితే లెక్క మారిపోతుంది.

ఈ మినహాయింపు ఐరోపాకు కంటగింపైంది. ఐర్లండ్ పాటల సంఘం ఫిర్యాదుతో మొదలైన వివాదం ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా వెళ్లింది. 2000లో అమెరికాదే తప్పని తేలింది. మరి చట్టం మార్చారా? లేదు! మూడేళ్ల కాలానికి 33 లక్షల డాలర్లు ఐరోపా సంగీతకారుల నిధికి ఇచ్చి అమెరికా చేతులు దులుపుకుంది. చట్టం మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది. చికెన్ హోటల్ వాడు కట్టాల్సింది ప్రభుత్వం కట్టినట్టయింది.

ఐరోపా కూడా అన్ని చోట్లా బిగుసుకుని కూర్చోలేదు. ఇటలీలోని ట్యూరిన్‌లో ఓ పళ్ల డాక్టరు తన క్లినిక్కులో సన్నగా రేడియో పెట్టేవాడు. అక్కడి రికార్డింగ్ కంపెనీల సంఘం ఫీజు అడిగింది. 2012 మార్చిలో ఐరోపా న్యాయస్థానం ఇచ్చిన తీర్పులో తర్కం చాలా సూటిగా ఉంటుంది. పన్ను పీకించుకోవడానికి వచ్చేవాడు పాట కోసం రాడు. పాట బాగుందని మరో పన్ను పీకించుకోడు. ఒకరి తర్వాత ఒకరుగా వచ్చే ఆ కొద్దిమందికి వినిపించడం వల్ల డాక్టరుకు ఒక్క రోగీ పెరగడు. కాబట్టి ఫీజు లేదు. సరిగ్గా అదే రోజు ఐర్లండ్ కేసులో, హోటళ్లు మాత్రం గదుల్లోని రేడియో, టీవీలకు కట్టాల్సిందేనని తేల్చింది. అక్కడ అది అతిథికి అమ్మే సౌకర్యంలో భాగం కనుక. 2015లో జర్మనీ అత్యున్నత న్యాయస్థానం కూడా తమ పళ్ల డాక్టర్లకు ఇదే ఊరట ఇచ్చింది. ‘పాట ఎవరి పని చేస్తోంది’ అని అడిగిన ఈ పద్ధతి, చదరపు అడుగుల టేపు కంటే తెలివైనదే అనిపిస్తుంది. బ్రిటన్ మాత్రం 1943 దారిలోనే ఉంది. పాటల సంఘం, రికార్డుల సంఘం కలిసి 2018 నుంచి ఒకే లైసెన్సు ఇస్తున్నాయి. ఇంట్లో ఒక్కరే కూర్చుని పని చేసుకునేవాళ్లను మాత్రం వదిలేశారు.

ఇంతకీ మన సంగతి? కొత్తేమీ కాదు. ఇళ్లలో పెద్దవాళ్లనడిగితే చెబుతారు... ఒకప్పుడు రేడియోకి లైసెన్సుండేది. ఏటా పోస్టాఫీసుకెళ్లి, డబ్బు కట్టి, పుస్తకంలో ముద్ర వేయించుకు రావాలి. ఇంట్లో రేడియోకి ఒక రకం, హోటల్లోనో దుకాణంలోనో మోగే రేడియోకి వాణిజ్య లైసెన్సు మరో రకం. 1980లలో అది పోయింది. అయితే ఆ డబ్బు సర్కారు ఖజానాకే పోయేది. పాట కట్టినవాడికి అందులో పైసా లేదు.

ఇప్పుడున్నది 1957 నాటి కాపీరైట్ చట్టం. అపార్టుమెంటు వాసులందరూ వాడుకునే హాల్లో, లాభం కోసం నడపని క్లబ్బులో రికార్డు వేసుకోవచ్చు. పెళ్లి ఊరేగింపుకీ, పెళ్లికి సంబంధించిన వేడుకలకీ ఫీజు లేదు. ఈ సంగతి తెలియక డబ్బు కట్టేవాళ్లు, తెలిసీ అడిగేవాళ్లు ఎక్కువవడంతో 2023 జులైలో కేంద్రం ప్రత్యేకంగా ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. పెళ్లి పనుల్లో ఉన్నవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. కానీ చిన్న సెలూన్‌కీ, టైలర్ షాపుకీ, పంక్చర్ షాపుకీ అమెరికాలో లాంటి స్పష్టమైన మినహాయింపు మన చట్టంలో లేదు. రేడియో స్టేషన్‌కున్న హక్కు మట్టుకు, డబ్బు పుచ్చుకుని ప్రసారం వినిపిస్తేనే అడ్డొస్తుంది. క్షవరానికి వచ్చినవాడి దగ్గర పాటకు వేరే డబ్బు తీసుకోరు కనుక దానితో ఇబ్బంది లేదు. పాట హక్కుదారులది వేరే హక్కు. వాళ్లు అడగదలిస్తే అడగొచ్చు. హోటళ్లు, పబ్బులు, డిసెంబర్ 31 రాత్రి పార్టీల మీదే కేసులు కనిపిస్తాయి. రికార్డింగ్ కంపెనీల తరఫున వసూలు చేసే పీపీఎల్‌కు, హోటళ్లకు మధ్య గొడవ 2025లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పంక్చర్ షాపు దాకా రావడం వాళ్లకు గిట్టుబాటు కాదు. చట్టం వదిలేయలేదు, ఖర్చు వదిలేసిందంతే.

ఒకవేళ సెలూన్ ఆయన పెద్ద మనసు చేసుకుని కట్టాడే అనుకుందాం. ఆ డబ్బు పాట రాసినవాడికి చేరుతుందా? ఇదే అసలు ప్రశ్న. 1977లో మన సుప్రీంకోర్టు, సినిమా కోసం డబ్బిచ్చి రాయించుకున్న, బాణీ కట్టించుకున్న నిర్మాతే ఆ పాటకు మొదటి హక్కుదారు అంది. గాయకుడికి ఏ హక్కూ లేకపోవడం మీద జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పు చివర్లో బాధపడ్డారు. తర్వాత నిర్మాతల నుంచి ఆ హక్కులు ఆడియో కంపెనీలకు వెళ్లాయి. పాట ఎన్ని వేలసార్లు మోగినా రాసినవాడికి ఇచ్చింది మొదట ఇచ్చిన పారితోషికమే. 2012 సవరణ వచ్చాకే రచయితకూ, సంగీత దర్శకుడికీ రాయల్టీలో సమాన వాటా ఖాయమైంది. రాసిచ్చేసినా చెల్లకుండా! దానికోసం రాజ్యసభలో జావేద్ అఖ్తర్ గట్టిగా నిలబడ్డారు. ఆ సవరణ లేకుండా వసూలు చేసిన ఫీజులో కవి వాటా ఎంతని అడగడమే అమాయకత్వం.

పోనీ, గొడవ లేకుండా పాత పాటలే వినిపిద్దామంటే? అక్కడా చిక్కే. ‘మాయాబజార్’ 1957లో వచ్చింది. రికార్డు మీద హక్కు అరవై ఏళ్లే కనుక 2017తో ముగిసింది. కానీ మాటలకూ బాణీకీ లెక్క వేరు, అవి కట్టినవాళ్లు పోయాక అరవై ఏళ్లు. పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు, ఆయన మాటలు 2031 చివరి దాకా. ఘంటసాల 1974లో పోయారు, ఆయన బాణీలు 2034 దాకా. అందులో కొన్ని బాణీలు సాలూరి రాజేశ్వరరావువి. ఆయన 1999 దాకా ఉన్నారు. అంటే సెలూన్‌లో ఆ పాటలు హాయిగా మోగాలంటే 2059 డిసెంబర్ దాటాలి.