సీసా మీద రెండు పేర్లు

మా మందుల షాపు డ్రైవ్‌త్రూ కిటికీలోంచి తెలుగు గొంతు వినపడితే నాకు ప్రాణం లేచొస్తుంది. ఈ మధ్య ఒక సోమవారం సాయంత్రం అలాంటి గొంతే వినపడింది. కాకపోతే అందులో ఏడుపు కూడా కలిసి ఉంది.

"అక్కా, మీరు తెలుగువాళ్ళే కదా? మా వాడి మందు ఇవ్వమంటే ఇందాకటి అబ్బాయి కుదరదంటున్నాడు. రెండేళ్ళుగా వేసుకుంటున్న మందే అక్కా ఇది!"

కారు పార్క్ చేసి లోపలికి రమ్మన్నాను. (ఇది రాస్తానని ఆ అమ్మాయికి చెప్పాను. "పేరు లేకుండా రాయండక్కా, ఇంకో తల్లికి పనికొస్తుంది" అంది.) వాళ్ళు ఫీనిక్స్ దగ్గర నుంచి మా డాలస్ వైపు వచ్చి నెల కూడా కాలేదు. భర్తకు ఉద్యోగం మారింది. తొమ్మిదేళ్ళ బాబుకి ఎ.డి.హెచ్.డి. ఉంది. అక్కడ ఒక నర్స్ ప్రాక్టిషనర్ పిల్లాణ్ని మొదటి నుంచీ చూసి, మోతాదు మెల్లగా సరిచేసి, ప్రతి నెలా మందు రాసేది. ఇక్కడికి వచ్చాక ఇంటి దగ్గరి పిల్లల క్లినిక్‌లో చేరారు. అక్కడా నర్స్ ప్రాక్టిషనరే చూసింది. గంట సేపు ఓపిగ్గా మాట్లాడిందట, స్కూల్ కాగితాలన్నీ చదివిందట. అంతా అయ్యాక, "ఈ మందు నేను రాయకూడదు, డాక్టరు గారు రాయాలి, ఆయన సెలవులో ఉన్నారు, వచ్చే వారం వస్తారు" అందట. ఇంట్లో మూడు మాత్రలు మిగిలాయి. వచ్చే వారమే బాబుకి స్టార్ పరీక్షలు. అరిజోనా నర్స్‌కి ఫోన్ చేస్తే పాపం ఆవిడ ఇంకో నెలకు మా షాపుకి ప్రిస్క్రిప్షన్ పంపింది. మేము కుదరదన్నది దానికే.

"ఇక్కడి నర్స్‌కి చదువు తక్కువా అక్కా? అక్కడావిడ రాసేది కదా!"

నేను ఈసారి ఈ కాలమ్ రాయడానికి కారణం ఆ ప్రశ్నే. ఇద్దరి చదువూ ఒకటే. ఇద్దరూ ముందు నర్సులు, ఆ పైన మాస్టర్స్ గానీ డాక్టరేట్ గానీ చేసినవాళ్ళు, జాతీయ స్థాయి పరీక్ష పాసైనవాళ్ళు. మధ్యలో రాష్ట్రం సరిహద్దు దాటడం ఒక్కటే మారింది. అరిజోనాలో నర్స్ ప్రాక్టిషనర్ ఏ డాక్టరు పర్యవేక్షణా లేకుండా మందు రాయవచ్చు. ఈ బాబు వేసుకునే లాంటి షెడ్యూల్ 2 మందులు కూడా అందులో వస్తాయి. టెక్సస్‌లో అలా కాదు. ఇక్కడ మందు రాసే అధికారం డాక్టరుది. ఆయన దాన్ని ఒక ఒప్పందం రాసి నర్స్‌కి అప్పగిస్తారు. ఒప్పందం లేకపోతే ఎంత అనుభవమున్నా ఆమె బీపీ మాత్ర కూడా రాయలేదు.

మీ ఇంట్లో మందు సీసా ఉంటే ఒకసారి తీసి చూడండి. టెక్సస్‌లో నర్స్ ప్రాక్టిషనర్ రాసిన మందైతే లేబుల్ మీద రెండు పేర్లుంటాయి, ఆమెది ఒకటి, అధికారం అప్పగించిన డాక్టరుది ఒకటి. ఆ రెండో పేరు చూసి, "ఈ డాక్టర్ని నేనెప్పుడూ చూడలేదే, వేరేవాళ్ళ మందు నాకిచ్చారేమో" అని సీసా వెనక్కి తెచ్చినవాళ్ళు నాకు కనీసం పదిమంది తగిలారు. అందులో తప్పేం లేదు. ఆ డాక్టరు మిమ్మల్ని చూసి ఉండాలని చట్టం అడగదు, ఆయన అదే భవనంలో ఉండాలని కూడా అడగదు. పాత రోజుల్లో డాక్టరు ఫలానా చోట ఇంతసేపు ఉండాలనే నియమాలుండేవి. 2013లో చట్టం మార్చి, వాటి స్థానంలో ఈ రాతపూర్వక ఒప్పందం పెట్టారు. ఏ రకం మందులు రాయవచ్చు, ఏవి రాయకూడదు, అనుమానం వస్తే ఎవర్ని ఎలా అడగాలి, ఎమర్జెన్సీ వస్తే ఏం చేయాలి అన్నీ అందులో ఉండాలి. ఇద్దరూ నెలకోసారి మాట్లాడుకోవాలి, కొన్ని ఫైళ్ళు డాక్టరు తిరగేయాలి. 2019 నుంచి ఆ నెలవారీ మాటలు వీడియోలో అయినా సరిపోతుంది. ఒక డాక్టరు మామూలుగా ఏడుగురికి సమానమైన ఫుల్‌టైమ్ నర్స్ ప్రాక్టిషనర్లకీ ఫిజీషియన్ అసిస్టెంట్లకీ మాత్రమే ఇలా అప్పగించగలరు. ఆసుపత్రుల్లోనూ, వైద్యులు కరువైన ప్రాంతాల్లోనూ ఆ లెక్క వర్తించదు.

ఇక మందుల సంగతి. థైరాయిడ్, షుగర్, బీపీ, యాంటీబయాటిక్ లాంటివాటితో పేచీ లేదు, ఒప్పందంలో ఉంటే చాలు. (టెక్సస్ చట్టంలో వీటి పేరు "ప్రమాదకరమైన మందులు"! ప్రిస్క్రిప్షన్ కావలసిన మందు ఏదైనా, కంట్రోల్డ్ జాబితాలో లేకపోతే, అది "ప్రమాదకరమైనదే". మా అత్తగారి థైరాయిడ్ మాత్రకు ఆ బిరుదు ఉందని చెబితే ఆవిడ రెండు రోజులు మాత్ర వేసుకోలేదు. నోరు జారినందుకు నాకు తగిన శాస్తి.) పేచీ అంతా కంట్రోల్డ్ మందులతోనే. అలవాటు పడే గుణాన్ని బట్టి వాటిని షెడ్యూళ్ళుగా విడగొట్టారు. 3 నుంచి 5 దాకా ఉన్నవాటిని ఇక్కడి నర్స్ ప్రాక్టిషనర్ రాయవచ్చు, కానీ రీఫిల్స్ కలుపుకుని 90 రోజులకు మించకూడదు. ఆ తర్వాత కొనసాగించాలంటే డాక్టర్ని సంప్రదించి ఆ మాట ఫైల్లో రాయాలి. రెండేళ్ళలోపు పిల్లలకైతే మొదటిసారే సంప్రదించాలి. షెడ్యూల్ 2కి మాత్రం రెండే చోట్ల అనుమతి: ఆసుపత్రిలో (అడ్మిట్ అయినవాళ్ళకూ, ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ళకూ), హాస్పిస్‌లో. మామూలు క్లినిక్‌లో కూర్చున్న నర్స్ ప్రాక్టిషనర్ కలం అక్కడ ఆగిపోతుంది. ఎ.డి.హెచ్.డి.కి ఎక్కువగా వాడే ఆడరాల్, రిటాలిన్, వైవాన్స్ అన్నీ షెడ్యూల్ 2లోనే ఉన్నాయి. హైడ్రోకోడోన్ కలిసిన నొప్పి మాత్రలు కూడా 2014 నుంచి అందులోకే చేరాయి.

అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు ఈ లెక్క ఇంకో రకంగా మన మీద పడుతుంది. అమ్మ సంచిలో గ్లైకోమెట్, టెల్మాతో పాటు "నిద్ర మాత్ర" అని ఒక ఆల్ప్రాక్స్ అట్ట ఉంటుంది. మోకాళ్ళ నొప్పికి అల్ట్రాసెట్ ఉంటుంది. అక్కడ వీధి చివర షాపులో తెచ్చుకున్నవి. ఇక్కడ ఆ రెండూ షెడ్యూల్ 4. ఆరు నెలలుందామని వచ్చిన ఆవిడకు నాలుగో నెలలో అట్టలు అయిపోతాయి. అర్జెంట్ కేర్‌లో ఉన్న నర్స్ ప్రాక్టిషనర్ వాటిని రాయడానికి వెనకాడితే, "నర్సు కదా, భయం" అని అమ్మ అంటుంది. భయం కాదు. ఆ మందు రాసే ముందు ఎవరైనా సరే, డాక్టరైనా, రాష్ట్రం నడిపే మందుల రికార్డు చూడాలి. నిద్ర మాత్రలకూ నొప్పి మాత్రలకూ 2020 మార్చి నుంచి టెక్సస్‌లో అది తప్పనిసరి. పైగా ఆల్ప్రాక్స్‌ను ఏళ్ళ తరబడి వేసుకుంటున్న డెబ్బై ఏళ్ళావిడ దాన్ని ఉన్నట్టుండి ఆపకూడదు. కాబట్టి చివరి అట్ట దాకా ఆగకుండా, రాగానే ఒక ప్రైమరీ కేర్‌లో చూపించి ఎలా చేయాలో ముందే మాట్లాడుకోండి.

ఈ ఉద్యోగం పుట్టిందే డాక్టర్లు చాలక. 1965లో కొలరాడో యూనివర్సిటీలో లొరెటా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదటి నర్స్ ప్రాక్టిషనర్ కోర్సు పెట్టారు. ఇవాళ సగానికి పైగా రాష్ట్రాలు వీళ్ళను పర్యవేక్షణ లేకుండా పనిచేయనిస్తున్నాయి. కొన్ని చోట్ల మొదటి రోజు నుంచే, మరికొన్ని చోట్ల కొన్నేళ్ళు ఒకరి కింద పనిచేశాక. న్యూయార్క్‌లో ఆ లెక్క 3600 గంటలు. టెక్సస్‌లో శాసనసభ రెండేళ్ళకోసారి కూర్చుంటుంది, ఆ బిల్లు వస్తుంది, పోతుంది. నర్స్ ప్రాక్టిషనర్ల సంఘం ఒకవైపు, డాక్టర్ల సంఘం ఇంకోవైపు.

డాక్టర్ల వాదనను నేను కొట్టిపారేయను. మా ఇంట్లోనే ఒక డాక్టరున్నాడు, మా మరిది. "మేము రెసిడెన్సీలో వేల గంటలు రోగుల దగ్గర నిలబడ్డాం వదినా, వాళ్ళ కోర్సులో అవి వందల్లో ఉంటాయి" అంటాడు. నిజమే. కౌంటర్ ఇవతల నిలబడి, ఒకదానితో ఒకటి పడని మందులు రాసిన ప్రిస్క్రిప్షన్లు నేను చూశాను. ఎవరు రాశారో లెక్కపెడితే అందులో రెండు రకాలవాళ్ళూ ఉన్నారు. న్యూయార్క్‌లో 1316 మంది రోగుల్ని చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేసి, ఒకరిని డాక్టర్లకూ ఒకరిని నర్స్ ప్రాక్టిషనర్లకూ అప్పగించి చూసిన అధ్యయనం 2000లో జామాలో వచ్చింది. ఆరు నెలల తర్వాత చూస్తే ఆరోగ్యంలో పెద్ద తేడా కనపడలేదు. అది ప్రైమరీ కేర్ సంగతి. అరుదైన జబ్బులకు దాన్ని సాక్ష్యంగా తేకూడదు.

నాకు గుచ్చుకునేది వేరే విషయం. పర్యవేక్షణ అంటే ఒక పెద్ద దిక్కు ఉండటమని మనం అనుకుంటాం. మంచి క్లినిక్‌లలో అలాగే ఉంటుంది, నర్స్ ఫోన్ చేస్తే డాక్టరు తీస్తారు. ఇంకొన్ని చోట్ల అది నెల నెలా డబ్బు కట్టి తెచ్చుకునే సంతకం. గుంటూరులో నర్సింగ్ చదివి, ఇక్కడికొచ్చి, రాత్రి డ్యూటీలు చేస్తూ మళ్ళీ చదివి నర్స్ ప్రాక్టిషనర్ అయిన ఒక స్నేహితురాలు నాకుంది. పన్నెండేళ్ళ అనుభవం. ఆమెకు అధికారం అప్పగించిన డాక్టరు ఒకరోజు రిటైరవుతున్నానని ఈమెయిల్ పెట్టాడు. కొత్త డాక్టరు దొరికి ఒప్పందం రాసుకునేదాకా మూడు వారాలు ఆమె ఒక్క కొత్త ప్రిస్క్రిప్షన్ రాయలేదు. "నాకు జీతం పోయినందుకు బాధ లేదే, నా షుగర్ పేషెంట్లు ఎమర్జెన్సీకి పోయి కూర్చున్నారు" అని చెప్పుకుని బాధపడింది. పొద్దున దాకా తెలిసిన వైద్యం సాయంత్రానికి ఆమె మరచిపోయిందా?

ఇంకొకటి కూడా నన్ను ఆలోచనలో పెడుతుంది. ఎ.డి.హెచ్.డి.కి అటామాక్సిటిన్, గ్వాన్‌ఫసిన్ లాంటి మందులున్నాయి. అవి కంట్రోల్డ్ కావు, నర్స్ ప్రాక్టిషనర్ రాయగలదు. కొందరు పిల్లలకు అవే సరిపోతాయి. కానీ బాగా పనిచేస్తున్న మందును వదిలి, రాయడానికి సులువైన మందుకు మారుదామని ఎవరైనా అంటే, అది పిల్లాడి కోసమా కాగితం కోసమా అని తల్లి అడగాలి. నిర్మొహమాటంగా అడగండి. మంచి నర్స్ అయితే దానికి నొచ్చుకోదు.

ఆ అమ్మాయికి నేను చేసింది పెద్దదేం కాదు. క్లినిక్‌కి ఫోన్ చేసి, "మీ ఒప్పందంలో ప్రత్యామ్నాయ డాక్టరు ఎవరు?" అని అడిగించాను. అసలు డాక్టరు లేనప్పుడు తాత్కాలికంగా ఇంకో డాక్టర్ని పర్యవేక్షణకు పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. షెడ్యూల్ 2 నర్స్ చేత రాయించడానికి అది పనికిరాదు గానీ, ఆ డాక్టరే స్వయంగా బాబును చూసి రాయవచ్చు కదా. రిసెప్షన్‌లో అమ్మాయికి ఆ మాట తెలియదు, మేనేజర్‌కి తెలుసు. ఇంకో బ్రాంచిలో ఉన్న డాక్టరమ్మ బుధవారం చూస్తానంది. వెళ్ళేటప్పుడు పాత రికార్డులన్నీ తీసుకెళ్ళమన్నాను. షెడ్యూల్ 2 మందుకు రీఫిల్ ఉండదు, కానీ డాక్టరు తేదీలు వేసి మొత్తం 90 రోజులకు సరిపడా వేర్వేరు ప్రిస్క్రిప్షన్లు ఒకేసారి ఇవ్వడానికి ఫెడరల్ నియమం ఒప్పుకుంటుంది, అది అడగమన్నాను. రాష్ట్రం మారబోతున్నవాళ్ళెవరైనా చదువుతుంటే ఒక మాట: ఇల్లు, స్కూలు వెతికేటప్పుడే మందు రాసే డాక్టర్ని కూడా వెతకండి. కొత్తవాళ్ళ అపాయింట్‌మెంట్ దొరకడానికి పట్టే కాలం సామాన్ల లారీ రావడానికి పట్టదు. మిమ్మల్ని చూస్తున్న నర్స్ ప్రాక్టిషనర్ ఏ విభాగంలో సర్టిఫికెట్ పొందిందో కూడా కనుక్కోండి. పిల్లల విభాగంలో చదివినావిడ మీ అమ్మను చూడకూడదు. టెక్సస్ బోర్డ్ ఆఫ్ నర్సింగ్ వెబ్‌సైట్‌లో పేరు కొడితే లైసెన్స్ వివరాలు కనపడతాయి.

బుధవారం సాయంత్రం ఆరింటికి తల్లీకొడుకులిద్దరూ షాపుకొచ్చారు. డాక్టరమ్మ పది నిమిషాలు చూసిందట, నర్స్ రాసిపెట్టిన నోట్స్ అంతా చదివి, "ఈవిడ రాసిందానికి నేను కలపాల్సిందేం లేదు" అని మూడు నెలలకూ పంపింది. సీసా సంచిలో పెట్టి ఇచ్చాను. ఆ అమ్మాయి తీసి లేబుల్ చూసింది. ఒకటే పేరుంది.

"మరి గంట సేపు చూసిన ఆ నర్సు పేరేదక్కా?"

"ఈ సీసా మీద ఉండదమ్మా" అన్నాను. బాబు అప్పటికే కౌంటర్ మీదున్న స్టిక్కర్ల డబ్బాలో చెయ్యి పెట్టేశాడు.