పట్టికలో ఎవరిని ఉంచుదాం, ఎవరిని తీసేద్దాం?

రైతుకు పనికొచ్చే వెబ్‌సైట్లన్నీ ఒకచోట చేర్చి, ఫోన్లో ఒకే పేజీగా మండలమంతటికీ అందించాలని మన సంఘం మండల కమిటీ అనుకుంది. మంచి పనే. చదువుకున్న పిల్లలు నాలుగు రోజుల్లో నలభైకి పైగా పేర్లు పోగు చేశారు. తీరా చూస్తే ప్రభుత్వ సైట్ల పక్కనే పురుగుమందుల కంపెనీలవి, విత్తన కంపెనీలవి, చివరికి అప్పులిచ్చే యాప్‌లు కూడా ఉన్నాయి. వీటిలో ఏవి ఉండాలన్న దానిమీద రెండు సమావేశాలు జరిగినా తేలలేదు. మా గ్రామ శాఖలో కూర్చుని మాట్లాడుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

రైతుకు ఏదో ఒకటి అమ్మేవాళ్ల సైటు ఇందులో ఒక్కటి కూడా ఉండకూడదు. వాళ్ల దగ్గర కూడా మంచి సమాచారం ఉంటుంది కదా అని కొందరు మిత్రులు అంటున్నారు. ఉంటుంది, కాదనం. కానీ మిరపలో ఆకుముడత గురించి చదవడం మొదలుపెడితే, అది చివరికి ఏదో ఒక మందు డబ్బా దగ్గరే తేలుతుంది. 2021లో నల్ల తామర పురుగు మిరప పూతను నాశనం చేసినప్పుడు మనందరం చూశాం. ఫోన్ నిండా సలహాలే. వారానికో కొత్త మందు పేరు. పురుగు పోలేదు గానీ షాపుల్లో ఖాతాలు మాత్రం పెరిగాయి. ఇష్టమొచ్చినట్టు మందులు కొట్టవద్దని, నీలిరంగు జిగురు అట్టలు పెట్టమని శాస్త్రవేత్తలు చెప్పిన మాట ఆ గోలలో ఎంతమందికి వినపడింది? లాం ఫారం, కృషి విజ్ఞాన కేంద్రాల పేజీలు చూడ్డానికి అంత రంగులుగా ఉండవు. మనకు కావలసింది మాత్రం అవే. పట్టికను పెద్ద కాగితం మీద అచ్చు వేయించి పంచాయతీ గోడలకు అంటించే ఖర్చు తాను పెట్టుకుంటానని ఒక డీలరు ముందుకొచ్చినట్టు తెలిసింది. ఆయన్ని మర్యాదగానే వద్దనాలి. ఇంటికో పది రూపాయలు వేసుకుంటే ఆ కాగితం వస్తుంది.

మనవాళ్లు తమ పంట అమ్ముకోవడం వేరే సంగతి. దేశవాళీ బియ్యం, మామిడికాయలు, పసుపు నేరుగా పట్నం ఇళ్లకు పంపుతున్న కుర్రాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. వాళ్ల పేజీలు తప్పకుండా పెట్టాలి. అయితే తన పొలంలోదో, తన ఊరి రైతులదో అమ్మేవాడికే చోటు. ఎక్కడో కొని ఇక్కడి పేరు తగిలించి అమ్మేవాడికి వద్దు.

ప్రభుత్వానిది అయినంత మాత్రాన ఏ సైటునూ ఊరికే అడ్రసు రాసి వదిలేయకూడదు. అగ్‌మార్క్‌నెట్‌లో యార్డుల ధరలు కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ అని మూడు రకాలుగా ఉంటాయి. మన కన్ను పడేది గరిష్ఠం మీదే. అది ఏ నాలుగు బస్తాల మేలు రకానికో పలికి ఉండొచ్చు. ఎక్కువ సరుకు ఏ ధర దగ్గర పోయిందో చెప్పేది మోడల్ ధర. బండి కట్టేముందు చూసుకోవలసింది దాన్ని. ఈ ముక్క పక్కన రాస్తేనే ఆ సైటు వల్ల ఉపయోగం. ఫసల్ బీమా సైటుకూ అంతే. బీమా చేసిన వరి కోసి పనల మీద ఉండగా తుఫాను వానకు దెబ్బతింటే 72 గంటల్లోపు తెలియజేయాలి. ఆ నిబంధన తెలియని రైతు నాలుగో రోజు సైటు తెరిచి ఏం చేస్తాడు?

ఇంతకంటే పెద్ద లోటు మరొకటి ఉంది. పోగు చేసిన పేర్లలో కౌలు రైతు కోసం ఒక్కటంటే ఒక్కటి లేదు. మీభూమిలో అడంగల్, 1-బి చూసుకోవచ్చు. భూమి తన పేర ఉన్నవాడు చూసుకుంటాడు. పీఎం కిసాన్ ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతలుగా వేస్తుంది. అదీ భూమి ఉన్నవాడికే. దుక్కి దున్ని, అప్పు తెచ్చి, పంట పోతే మునిగేవాడు తన పేరుతో వెతుక్కుంటే ఆ నలభై సైట్లలోనూ ఏమీ దొరకదు. 2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2019లో దాని స్థానంలో పంట సాగుదారు హక్కు పత్రం వచ్చింది. దాని గడువు 11 నెలలు, పైగా భూ యజమాని సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం, అడిగితే వచ్చే ఏడు కౌలుకివ్వడేమోనని రైతు భయం. ఏ వెబ్‌సైటూ ఈ సంతకం తెచ్చిపెట్టదు. ఆ పత్రం వల్ల యజమాని హక్కు పోదని చట్టమే చెబుతున్న సంగతి నాలుగు వాక్యాల్లో తెలుగులో రాసి ఇద్దరికీ చూపించవచ్చు కదా? దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలి, ఏ కాగితాలు కావాలి, ఈ-పంటలో ఎవరి పేరు ఎక్కిందో ఎలా సరిచూసుకోవాలి అన్నవి కూడా రాయాలి. ధాన్యం కొనుగోలుకైనా, పెట్టుబడి రాయితీకైనా ఈ-పంటే ఆధారం. అక్కడ యజమాని పేరు ఎక్కితే డబ్బు ఆయన ఖాతాకే పోతుంది. ఆ పేజీ ఎవరూ మన చేతికి ఇవ్వకపోతే మనమే రాద్దాం. పట్టికలో మొట్టమొదట అదే ఉండాలి.

రెండోది కిసాన్ కాల్ సెంటర్ నంబరు, 1800-180-1551. పొద్దున 6 నుంచి రాత్రి 10 వరకు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు. అది సైటు కాదు కదా అన్నారొకరు. కాకపోతే ఏం? మన ఆడవాళ్లలో చాలామంది చేతిలో ఉన్నది ఇప్పటికీ బటన్ల ఫోనే.

పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ల సంగతి అందరికీ తెలిసిందే. అసలు సైటు అడ్రసు గవ్ డాట్ ఇన్‌తో ముగుస్తుంది. అడుగున ఎర్ర అక్షరాలతో 1930 అని వేయాలి. డబ్బు పోయిన వెంటనే ఆ నంబరుకు చేస్తే ఆపే అవకాశం ఉంటుంది.

వచ్చే సమావేశానికి ప్రతి గ్రామ శాఖ తన వంతు సైట్లు తెరిచి, మొదటి నుంచి చివరిదాకా వాడి చూసి రావాలని కోరుతున్నాం. తెరుచుకోనివి, తెలుగు లేనివి, పని సగంలో ఆగిపోయేవి గుర్తు పెట్టుకుని రండి. ఖరీఫ్‌కు ముందొకసారి, రబీకి ముందొకసారి ఇలాగే చూసి, పనిచేయనివి తీసేయాలి. కౌలు రైతు పేజీ రాసే పని మా ఊరు తీసుకుంటుంది. సమావేశంలో చదువుతాం, తప్పులుంటే అక్కడే చెప్పండి.